థాయ్‌లాండ్‌లో టీచర్‌గా చేరిన అమ్మాయి వచ్చేస్తానంటోంది... రప్పించాలా?

ప్రశ్న: మాది గాజువాక. జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లిష్, తర్వాత బీఈడీ చేసింది. ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో రెండేళ్లు పాఠాలు చెప్పి, మొన్న మే నెలలో ఏజెన్సీ ద్వారా థాయ్‌లాండ్‌లో ఒక చిన్న ఊళ్లో ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లిష్ టీచర్‌గా చేరింది. రెండు నెలలు కాకుండానే వచ్చేస్తానంటోంది. క్లాసులో ఒక్కరూ నోరు విప్పరట. స్టాఫ్‌రూంలో అందరూ వాళ్ల భాషలోనే మాట్లాడుకుంటారట. తిండి సరిపడటం లేదట. నా మొదటి పోస్టింగ్ పాడేరు దగ్గర, నేనెప్పుడూ ఇలా బెంబేలు పడలేదు. బంధువులేమో కాంబోడియా కేసులు గుర్తుచేసి భయపెడుతున్నారు. దసరాకు రప్పించి ఇక్కడే డీఎస్సీకి కూర్చోబెట్టమంటారా?

జవాబు: మాస్టారూ, సెలవులకు రప్పించండి. ఉద్యోగం మాన్పించడానికి మాత్రం కాదు, కనీసం ఇప్పుడే కాదు.

మీ ఉత్తరంలో రెండు రకాల భయాలు కలిసిపోయాయి. బంధువులది ఒకటి, అమ్మాయిది ఒకటి. మొదటిది కాగితాలు చూస్తే ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. రెండోదానికి ఒక టర్మ్ పడుతుంది.

బంధువులు ఊరికే అనడం లేదు. 2024 మేలో మన విశాఖ పోలీసులే, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి కుర్రాళ్లను కాంబోడియాలో సైబర్ మోసాలు చేసే ముఠాలకు అప్పగించిన ఏజెంట్లను పట్టుకున్నారు. అయితే మీ అమ్మాయి ఉన్నది రోజూ ఊరి పిల్లలు వచ్చిపోయే సర్కారు బడి. అక్కడ మోసం జరిగితే వేరేలా జరుగుతుంది. టూరిస్టుగా దింపి, వర్క్ పర్మిట్ లేకుండా పాఠాలు చెప్పిస్తారు. పట్టుబడితే ఏజెన్సీతో పాటు టీచర్ కూడా ఇరుక్కుంటుంది.

కాబట్టి ఈ రాత్రే ఫొటోలు పంపమనండి. పాస్‌పోర్టులో నాన్ ఇమిగ్రెంట్ బి వీసా ఉండాలి. వర్క్ పర్మిట్‌లో ఆమెకు ఉద్యోగం ఇచ్చినవాళ్ల పేరు ఉండాలి. అక్కడి టీచర్స్ కౌన్సిల్‌ను కురుసపా అంటారు. దాని అనుమతికి స్కూలు దరఖాస్తు పెట్టిందో లేదో అడగాలి. ఈ విషయంలో మీ అమ్మాయికి బీఈడీ పెద్ద బలం. చాలామంది మామూలు డిగ్రీతోనే వెళ్లి తాత్కాలిక అనుమతి మీద నెట్టుకొస్తుంటారు. ఇక పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి, ఏజెన్సీ బీరువాలో కాదు. మొదటి వీసా గడువు 90 రోజులే, తర్వాత ఉద్యోగాన్ని బట్టి ఏడాది దాకా పొడిగిస్తారు. ఆ గడువు దగ్గరపడుతున్నా ‘వచ్చేస్తుంది, వచ్చేస్తుంది’ అంటూ వర్క్ పర్మిట్ చేతికివ్వకపోతే మాత్రం టర్మ్ అయ్యేదాకా ఆగొద్దు. బ్యాంకాక్‌లోని మన ఎంబసీకి రాయండి, విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

అగ్రిమెంట్‌లో జీతం ఎన్ని నెలలకో కూడా చూడండి. చాలా ఏజెన్సీలు అక్టోబరు సెలవులకో, మార్చి తర్వాత వచ్చే పెద్ద సెలవులకో జీతం ఇవ్వవు. దాన్ని మోసం అనలేం కానీ, ఏడాదికి వేసుకున్న లెక్క తప్పుతుంది. ఇంకొకటి, పక్క సీటులో బ్రిటన్ పాస్‌పోర్టున్న కుర్రాడు అదే పనికి ఎక్కువ తీసుకుంటూ ఉండొచ్చు. మనవాళ్లకూ ఫిలిప్పీన్స్ వాళ్లకూ అక్కడ తక్కువే ఇస్తారు. అన్యాయమే. మొదటి ఏడాది దానిమీద గొడవపడి లాభం లేదు. రెండో ఏడాది అనుభవం, బీఈడీ చూపించి వేరే స్కూల్లో బేరమాడొచ్చు.

కాగితాలన్నీ సరిగ్గా ఉంటే ఇక అమ్మాయి మాటకు వద్దాం.

ఆమె క్లాసులోకి అడుగుపెట్టగానే లీడర్ లేచి ‘స్టాండప్ ప్లీజ్’ అంటాడు. నలభై యాభై మంది రాగం తీస్తూ ‘గుడ్ మార్నింగ్ టీ...చర్’ అంటారు. మన బళ్లలో లాగానే. ‘హౌ ఆర్ యూ’ అంటే ‘అయామ్ ఫైన్, థాంక్యూ, అండ్ యూ’ అని అప్పజెప్పేస్తారు. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. తెలియక కాదు, తప్పు మాట్లాడితే నలుగురిలో నవ్వులపాలవుతామని. పైగా గ్రామర్, పరీక్షలు సాధారణంగా థాయ్ టీచర్ చేతిలో ఉంటాయి. బయటి దేశం టీచర్ ఒక్కో క్లాసుకు వారానికి ఒకటి రెండుసార్లే వెళ్తుంది. పిల్లలు ఆమెకు అలవాటు పడటానికే నెలలు పడుతుంది.

మీ అమ్మాయి ఇక్కడ ఇంగ్లిష్ మీడియం పిల్లలకు చెప్పింది. వాళ్లకు పాఠం అర్థం కాకపోయినా తిట్లు అర్థమవుతాయి. అక్కడ అదీ లేదు. ‘బుక్ తీయండి, బొమ్మ చూడండి, అబ్బాయి ఏం చేస్తున్నాడో చెప్పండి’ అని ఇంగ్లిష్‌లో ఒక్క గుక్కలో అంటే మొదటి పని దగ్గరే ఆగిపోతారు. ఒక్కో పనికి ఒక్కో చిన్న మాట చాలు. అదీ ఒక పిల్లాడిని ముందుకు పిలిచి చేసి చూపించాలి. కొత్త వాక్యాన్ని ముందు క్లాసంతా కలిసి చెప్పాలి, తర్వాత వరుసల వారీగా, ఆ తర్వాత పక్కవాడితో ఇద్దరిద్దరుగా. ఒక్కణ్నే లేపి అడగడం అన్నిటికన్నా చివర. అందరూ కలిసి అరిచేటప్పుడు ఎవరి తప్పూ ఎవరికీ వినపడదు. మన పాత బళ్లలో ఎక్కాలు వల్లెవేయించినట్టే. బీఈడీలో దీన్ని కాస్త చిన్నచూపు చూస్తారు గానీ, యాభై మంది బెరుకు పిల్లల ముందు నిలబడ్డ టీచర్‌కు ఇంతకన్నా మంచి ఆయుధం నాకు కనిపించలేదు.

పేర్లు నేర్చుకోమనండి. రిజిస్టర్‌లో ఉండే పొడుగాటి పేర్లు కాదు. అక్కడ ప్రతి పిల్లకూ ఇంట్లో పెట్టిన చిన్న పేరు ఒకటుంటుంది. ఐస్, బ్యాంక్, బాల్, మింట్... ఇలాంటివే ఉంటాయి, నవ్వకూడదు. ఆ పేరుతో పిలిస్తే వెనక బెంచీ వాడు కూడా తలెత్తుతాడు.

మెచ్చుకోవాలనిపించినా పిల్లల తల నిమరొద్దు, అక్కడ తలను ముట్టుకోవడం అమర్యాద. కాళ్లు ఎవరివైపూ చాపి కూర్చోవద్దు. చెయ్యి చేసుకోవడం, చెవి మెలేయడం లాంటివి తలంపులోకే రానివ్వొద్దు. రాజకుటుంబం గురించి క్లాసులో గానీ ఫేస్‌బుక్‌లో గానీ సరదాకైనా ఒక్క మాట అనొద్దు. ఆ నేరానికి మూడు నుంచి 15 ఏళ్ల దాకా జైలు.

స్టాఫ్‌రూంలో వాళ్ల భాషలో మాట్లాడుకోవడం ఈమెను వెలివేయడం కాదు. మన స్టాఫ్‌రూంలో ఒక్క థాయ్ టీచర్ ఉంటే మనం తెలుగు మానేస్తామా? ఉదయం ఎనిమిదింటికి జెండా దగ్గర అందరితో పాటు నిలబడటం, ఎదురుపడ్డ పెద్దవాళ్లకు తానే ముందు రెండు చేతులూ జోడించడం, మధ్యాహ్నం ఫోన్ పక్కన పెట్టి వాళ్ల బల్ల దగ్గరే తినడం. మొదటి టర్మ్‌కు ఇంతే చాలు. ఫిలిప్పీన్స్ టీచర్లు ఉంటే వాళ్లతో స్నేహం చేయమనండి. ఏ ఆఫీసులో ఏ కాగితం అడుగుతారో వాళ్లకు తెలిసినట్టు ఏజెన్సీకి కూడా తెలియదు.

తిండి సంగతి మీరు వివరంగా రాయలేదు. శాకాహారి అయితే అసలు చిక్కు చేపల సాస్, అది అన్నిటిలోనూ పడుతుంది. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని బోర్డు ఉన్న చోట మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడరు. వెల్లుల్లి, ఉల్లి కూడా ఉండవు. అక్కడి సంతలో తూటికూర, కొబ్బరి, చింతపండు, మన కారాన్ని మించిన మిరపకాయలు దొరుకుతాయి. ఒక రైస్ కుక్కర్ కొనుక్కుంటే సగం దిగులు తీరుతుంది. మిగతా సగానికి మీరు ఆవకాయ, కందిపొడి పంపండి.

మీ ఫోన్ల గురించి కూడా ఒక మాట. అక్కడి టైం మనకన్నా గంటన్నర ముందు. మీరు టీవీలో వార్తలు చూసి తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తే అక్కడ పదకొండు. పొద్దున్నే బడికి వెళ్లాల్సిన పిల్ల అలసిపోయి ఉంటుంది, ఏడుపు అప్పుడే వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా మాట్లాడండి. పాడేరులో భయపడలేదని ఆమెకు చెప్పకండి. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలు కూడా మీ క్లాసులో ఉండే ఉంటారు. వాళ్లకు మొదటి నెలల్లో ఏ బొమ్మ గీసి, ఏ పాట పాడి చెప్పారో అది చెప్పండి. ఆమెకు మీ దగ్గర దొరికేది అది.

డీఎస్సీ మాటకొస్తే, నిజం చెప్పాలి. థాయ్‌లాండ్ అనుభవానికి డీఎస్సీలో ఒక్క మార్కు కూడా రాదు. 2025 మెగా డీఎస్సీలో రాత పరీక్షకు 80, టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ప్రభుత్వ ఉద్యోగమే ఆమె కోరిక అయితే టెట్ స్కోరు, చదువు ముఖ్యం, చదువు అక్కడ సాయంత్రాలు కూడా సాగుతుంది. ఆ కోరిక మీదే అయితే అది వేరే సంభాషణ. ప్రైవేటు, ఇంటర్నేషనల్ స్కూళ్ల వైపు వెళ్లాలంటే మాత్రం ఏడాది పూర్తిచేసిన సర్టిఫికెట్‌కు విలువ ఉంటుంది. టర్మ్ మధ్యలో వచ్చేస్తే ఇంటర్వ్యూలో ముందు దాని గురించే అడుగుతారు.

అక్కడ మొదటి టర్మ్ అక్టోబరు మొదట్లో ముగుస్తుంది, రెండోది నవంబరు మొదట్లో మొదలవుతుంది. పండగ తేదీ కలిసినా కలవకపోయినా ఆ సెలవుల్లోనే రమ్మనండి. అప్పటికీ మానేస్తాననే అంటే ఆమె మాట వినండి. నోటీసు ఇచ్చి, సర్టిఫికెట్ తీసుకుని, మర్యాదగా రావచ్చు. ఉద్యోగం మానేసిన రోజుతో దానిమీద ఇచ్చిన వీసా పొడిగింపు కూడా ముగుస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. దేశం దాటే ముందు ఇమిగ్రేషన్ ఆఫీసులో రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారి వెళ్లి రావడానికి 1000 బాట్, ఎన్నిసార్లయినా అయితే 3800. అది లేకుండా విమానం ఎక్కితే ఏడాది వీసా పొడిగింపు అక్కడికక్కడే రద్దవుతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పండగకు ఇంటికి వస్తున్న సంబరంలో చాలామంది మరిచిపోయేది ఇదే. టికెట్ మీరు బుక్ చేసేట్టయితే, పర్మిట్ ఫొటో వాట్సాప్‌లో వచ్చాకే చేయండి. రానుపోను చేయండి.