బండి సంగతులు: ముందు ఇరుసు మార్చాలా, స్టీరింగ్ బాగు చేయించాలా?

ప్రశ్న: మాది ఐ. పోలవరం వైపు ఒక లంక గ్రామం. రొయ్యల చెరువుల మీదికి తిరగడానికి మా నాన్నగారి కాలం నాటి మహీంద్రా సీజే-3బీ జీపునే ఇప్పటికీ వాడుతున్నాను. ఒండ్రులో కూరుకుపోకుండా ఉంటుందని రెండేళ్ల క్రితం వెడల్పాటి రిమ్ములు, టైర్లు వేయించాను. అప్పటి నుంచి స్టీరింగ్‌లో నాలుగు వేళ్ల ప్లే (ముందు చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే ఆడడం) వచ్చింది. నలభై కిలోమీటర్లు దాటిన వేగంలో కల్వర్టు మీద గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ వణికిపోతున్నాయి. బండి దాదాపు ఆపితే గాని వణుకు ఆగడం లేదు. డిస్క్ బ్రేకులున్న, తర్వాతి కాలపు ముందు హౌసింగ్ (ముందు ఇరుసు మొత్తం) ఒకటి దొరికిందని, దానితో పాటు పవర్ స్టీరింగ్ కూడా బిగిస్తే బాధ తీరిపోతుందని మా మెకానిక్ అంటున్నాడు. ఆ హౌసింగ్ మా దానికన్నా అరడుగు వెడల్పు. వేయించమంటారా?

జవాబు: మీ మెకానిక్ చెప్పిన పనిలో తప్పు లేదు గాని, వరస తిరగబడింది. పాత సామాను కొట్టు నుంచి వచ్చే హౌసింగ్ తన అరుగుదలను తనతోనే తెస్తుంది. పైగా మీ బండిలోని ప్లే ఎక్కడ పుడుతోందో తెలియకుండా పవర్ స్టీరింగ్ బిగిస్తే, చేతికి తెలియవలసిన జబ్బును పంపు కప్పిపుచ్చుతుంది. ఈ పొరపాటు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం నా జీపుకు ముందుగా పవర్ స్టీరింగ్ వేయించి, ఆరు నెలల తర్వాత కింగ్‌పిన్ (ముందు చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఇరుసు కొసన ఉండే పిన్ను) బేరింగులు పొడి అయ్యి ఉండడం చూసి, చేసిన పనినంతా విప్పించి మళ్లీ చేయించుకున్నాను.

సీజే-3బీలో స్టీరింగ్ బాక్స్ నుంచి బయలుదేరిన డ్రాగ్ లింక్ అనే కడ్డీ నేరుగా చక్రానికి పోదు. బండి ముందు భాగంలో మధ్యగా ఒక పిన్ను మీద తిరిగే బెల్ క్రాంక్‌ను అది కదిలిస్తే, ఆ బెల్ క్రాంక్ నుంచి ఒక్కో చక్రానికి ఒక్కో టై రాడ్ వెళుతుంది. డ్రాగ్ లింక్‌కు రెండు కొసలు, బెల్ క్రాంక్ పిన్ను, టై రాడ్లకు నాలుగు కొసలు కలిపి ఏడు కీళ్లు. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు అరిగినా, అన్నీ కలిసి మీ చేతిలోని స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి మీరు చెప్పే నాలుగు వేళ్లు అవుతాయి. ఇంజిను ఆపి, బండిని చదునైన సిమెంటు నేల మీద నిలిపి, ఒకరిని స్టీరింగ్ పట్టుకుని అటూ ఇటూ చిన్నగా ఊపుతూ ఉండమని చెప్పి, మీరు కింద పడుకుని టార్చి లైటుతో ఒక్కొక్క కీలు మీద వేలు పెట్టి చూడండి. ఒక కడ్డీ కదిలి, దాని పక్కది కదలకపోతే జబ్బు ఆ రెండింటి మధ్యే ఉంది. ఈ జీపుల్లో ఎక్కువసార్లు దొరికే దొంగ బెల్ క్రాంక్ పిన్నే. దాన్ని బుష్షుతో సహా మార్చడం ఒక పూట పని.

తర్వాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. టక్కుమని ఆడితే, ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమని చెప్పి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే అది హబ్ (చక్రం నడి భాగం) బేరింగ్. తొక్కినా పోకపోతే కింగ్‌పిన్. మీ వణుకుకు కారణం కింగ్‌పిన్ అనే నా అనుమానం. వెడల్పు రిమ్ము వేసినప్పుడు టైరు నేలను తాకే చోటు కింగ్‌పిన్ గీత నుంచి బయటికి జరుగుతుంది. అప్పుడు గతుకు తగిలిన ప్రతిసారీ, పొడుగు గునపంతో రాయిని పెకలించినట్టు, ఆ దెబ్బ కింగ్‌పిన్ మీద ఎన్నో రెట్లు పెరిగి పడుతుంది. అంటే మీ జబ్బు టైర్లతోనే మొదలైంది. కింగ్‌పిన్ బేరింగులు మార్చేటప్పుడు షిమ్ములను (సందు సరిచేసే పల్చని రేకులను) లెక్క లేకుండా తీసి బిగించేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది. నకిల్‌ను (కింగ్‌పిన్ మీద చక్రంతో పాటు మళ్లే భాగాన్ని) స్ప్రింగ్ కాటాతో లాగి చూసి, సరిపోయేంత మాత్రమే బిగువు పెట్టాలి.

ఇవన్నీ చేశాక వీల్ అలైన్‌మెంట్ చూడాలి. ఈ జీపుకు కాస్టర్ (కింగ్‌పిన్ పైకొస వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు, క్యాంబర్ (చక్రం పైభాగం బయటికి వాలే కోణం) ఒకటిన్నర డిగ్రీ. టో-ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి దగ్గరయ్యే తేడా) మాత్రం రెండు మిల్లీమీటర్లకు కొంచెం అటో ఇటో ఉంటే చాలు. కమాన్ పట్టీలు కుంగినా, షాకిల్ బుష్షులు అరిగినా కాస్టర్ తగ్గిపోతుంది. కాస్టర్ తగ్గిన బండి తిన్నగా పోదు, వణుకు మొదలైతే ఆగదు.

ఇప్పుడు మీ మెకానిక్ తెచ్చిన హౌసింగ్ సంగతి. పై పనులన్నీ అయ్యాక కూడా డిస్క్ బ్రేకుల కోసం అది కావాలనిపిస్తే, డబ్బు ఇవ్వకముందే దాని గేరు నిష్పత్తి చూడండి. మీ జీపుకు ముందూ వెనకా 5.38, అంటే క్రౌనుకు (ఇరుసు లోపలి పెద్ద పళ్ల చక్రానికి) 43 పళ్లు, దాన్ని తిప్పే పినియనుకు 8. అదే కుటుంబపు బండ్లలో 4.88వి కూడా ఉంటాయి. ముందొకటి, వెనకొకటి అయితే ఫోర్ వీల్ వేసిన నిమిషం నుంచి ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. బురదలో టైరు జారి సర్దుకుంటుంది గాని, గట్టి నేల మీద ఆ భారమంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) మీద పడుతుంది. హౌసింగ్ నేల మీద ఉన్నప్పుడే ఒక హబ్‌ను కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని సరిగ్గా ఇరవై చుట్లు తిప్పి, పినియను ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దతో గుర్తు పెట్టుకుని లెక్కించండి. యాభై మూడు చుట్లు దాటి యాభై నాలుగుకు దగ్గరైతే 5.38, నలభై తొమ్మిదికి కాస్త తక్కువైతే 4.88.

వెడల్పు విషయంలో నాకు గట్టి అభ్యంతరమే ఉంది. అరడుగు అంటే ఒక్కో వైపు మూడంగుళాలు. జాతీయ రహదారి మీద అది లెక్కలోకి రాదు. మీరు రోజూ తిరిగే చెరువు గట్టు మీద, వానకు అంచు మెత్తబడినప్పుడు, ఆ మూడంగుళాలే బండిని నీళ్లలోకి దించగలవు. పుంత దారుల్లో పాత చక్రాల గాడి కూడా తప్పిపోతుంది. వేయించాలనే అనుకుంటే వెనక చక్రాలను కూడా అదే వెడల్పుకు తేవాలి, లేదా రిమ్ముల ఆఫ్‌సెట్ (రిమ్ములో హబ్‌కు బిగే చోటు) మార్చి లోపలికి లాగాలి.

డిస్క్ బ్రేకులకు మీ పాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను తోసేది) పనికిరాదు. డ్రమ్ముల కోసం లైనులో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచే వాల్వు డిస్కులను వదలనివ్వదు, అవి కాగిపోతాయి. ఇక పవర్ స్టీరింగ్ బాక్స్‌ను ఈ సన్నని చాసిస్‌కు నేరుగా బోల్టులు వేసి బిగిస్తే, ఏడాదిలో బోల్టు రంధ్రాల చుట్టూ చీలికలు వస్తాయి. లోపల స్లీవులు పెట్టి, బయట దళసరి ప్లేటు వేసి, రంధ్రం నుంచి రంధ్రానికి బలం పంచుకునేలా చేయించాలి. బెల్ క్రాంక్ తీసేసి, రెండు చక్రాలనూ ఒకే టై రాడ్‌తో కలిపి, బాక్స్ నుంచి ఒకే డ్రాగ్ లింక్ ఇస్తే కీళ్లు తగ్గుతాయి. అప్పుడు ఆ డ్రాగ్ లింక్ టై రాడ్‌కు వీలైనంత సమాంతరంగా ఉండాలి; బాగా వాలుగా ఉంటే కమాన్లు ఊగిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది. ఇందుకోసం పిట్‌మన్ ఆర్మ్‌ను (స్టీరింగ్ బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ను తోసే చేయిని) గానీ, నకిల్ ఆర్మ్‌ను గానీ కాల్చి వంచుతామంటే ఆ షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి. స్టీరింగ్ కడ్డీలను కాల్చడమన్నా, వాటికి వెల్డింగన్నా నేను ఒప్పుకోను.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇరుసు, బ్రేకులు మారిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేదీ ఇదే. ఆర్టీవో కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే స్పానరు పట్టించండి.

ప్రశ్న: భీమవరంలో ఉంటాను. 2020 తర్వాతి కొత్త థార్ కొన్నాను. దాని ముందు భాగం తీసేసి పాత జీపుల మాదిరిగా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు వేయిస్తే బురదలో బలంగా ఉంటుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: కొండ రాళ్ల మీద ఒక చక్రం నడుమెత్తు లేస్తే, ఒకే ఇరుసున్న బండి రెండో చక్రాన్ని నేలకు అదుముతుంది, నిజమే. భీమవరం చుట్టూ రాళ్లెక్కడున్నాయి? మన రేగడిలో బండిని నిలబెట్టేవి టైరు, దానిలోని గాలి, ఇరుసు కింద ఖాళీ. మీ బండిలో ముందు చక్రాలు విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ అమరికే మెత్తని నేల మీద బొడ్డు రాసుకోకుండా కాపాడుతుంది. దాన్ని తీసేస్తే స్టీరింగ్, బ్రేకులు, ఏబీఎస్ సెన్సార్లు అన్నింటినీ కొత్తగా కట్టుకోవాలి. ఆ డబ్బు పెట్టకండి. డ్రైవ్ షాఫ్ట్ కొసల రబ్బరు బూట్లు చిరగకుండా చూసుకుంటూ, ఉప్పు బురదలో తిరిగిన రోజు సాయంత్రం మంచినీళ్లతో కడిగించండి.

ప్రశ్న: నా జిప్సీ ముందు ఇరుసు నూనె పాల టీ రంగుకు మారుతోంది. సీలు రెండుసార్లు మార్చాను. — తణుకు పాఠకుడు

జవాబు: సీలు కన్నా ముందు బ్రీదర్ (హౌసింగ్‌కు గాలి ఆడే రంధ్రం) చూడండి. వేడెక్కిన హౌసింగ్ కాలువ నీళ్లలో దిగగానే చల్లబడి లోపలికి గాలి పీలుస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఆ పీల్పు సీలు అంచుల్లోంచి నీటిని లాగుతుంది. బ్రీదర్‌కు నూనె తట్టుకునే రబ్బరు పైపు తొడిగి, ఇంజిను గదిలో ఎత్తుగా కట్టించండి. నూనె మార్చి పది రోజుల తర్వాత ప్లగ్గు విప్పి చూడండి. అప్పటికీ టీ రంగే ఉంటే నకిల్ గోళం మీద తుప్పు గుంటలు పడి ఉంటాయి; అవి ఉన్నంత వరకు ఏ సీలూ నిలవదు.