ప్రీయాంప్ సంగతి తర్వాత, ముందు మైకుని బీరువాలో పెట్టి చూడండి

మీరడిగింది ఇదీ: తణుకులో ఇంట్లోనే చిన్న గది, ష్యూర్ ఎస్‌ఎం7బి మైకు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 థర్డ్ జెన్ (మూడో తరం) ఇంటర్‌ఫేస్, అంటే మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా. గెయిన్ (సిగ్నల్ పెంచే మీట) చివరిదాకా తిప్పినా అమ్మగారి పాట సన్నగా వస్తోంది, వెనకాల బుస. 40 వేలు పెట్టి విడిగా ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే పరికరం, ఇంటర్‌ఫేస్ లోపలా ఒకటుంటుంది) కొననా అని.

ఇప్పుడే వద్దండి. ఆ డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మేడమీద గదిలో భజన పాటలు, చర్చి పాటలు, అప్పుడప్పుడు పెళ్లి మేళం వాళ్ల సన్నాయి, ఎవరొస్తే వాళ్లవి రికార్డు చేస్తుంటాను. రెండేళ్ల కిందట నాదీ మీ బాధే, దాదాపు మీ సామానే. విజయవాడ వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్రీయాంప్ 32 వేలకి బేరమాడి, బస్సులో పసిపిల్లాడిలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆ రాత్రి తగిలిస్తే బుస అలాగే ఉంది, పైగా గొంతు పగిలిపోతోంది. పగలడానికి కారణం నా తెలివే. దాని అవుట్‌పుట్ తీసుకెళ్లి ఇంటర్‌ఫేస్ మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చాను. ఒకసారి పెరిగి వచ్చిన సిగ్నల్‌ని ఇంకో ప్రీయాంప్‌లో దూర్చానన్నమాట. 2ఐ2 ముందున్న కాంబో సాకెట్లో ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్గు) పెడితే మైక్, పావంగుళం జాక్ పెడితే లైన్ (ముందే పెరిగి వచ్చిన సిగ్నల్‌కి). ప్రీయాంప్ నుంచి వచ్చేది లైన్‌కే వెళ్లాలి, ఇన్‌స్ట్ బటన్ (గిటార్లకి వాడేది) ఆపేసి ఉండాలి.

అది సర్దుకున్నాక కూడా బుస పోలేదు. అప్పుడు ఎవరో చెప్పగా ఒక పరీక్ష చేశాను, మీరూ ఈ రాత్రే చేయండి. పాడేటప్పుడు పెట్టే గెయిన్ దగ్గరే ఉంచి, గదిలో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేయండి. తర్వాత మైకుని నాలుగు దుప్పట్లలో చుట్టి బీరువాలో పెట్టి, కేబుల్ పట్టేంత సందు వదిలి తలుపు మూసి, గెయిన్ ముట్టుకోకుండా ఇంకో అర నిమిషం. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. బీరువాలో బుస బాగా తగ్గితే అది మీ గది చప్పుడు, ప్రీయాంప్‌ది కాదు. ఏం తగ్గకపోతే అప్పుడు ప్రీయాంప్‌నో కేబుల్‌నో అనుమానించాలి. నేను మా అమ్మ పట్టుచీరల బీరువాలో పెడుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏరా, దానికేమైనా జలుబు చేసిందా?" అంది. మా ఊళ్లో ఏ పనీ వెటకారం లేకుండా జరగదండి, ఆయ్.

నా బుస మూడొంతులు తగ్గిపోయింది. ఫ్యాను ఆపేశాను కదా, ఇంకేం చప్పుడు అంటారా? ఇంటి వెనక రొయ్యల చెరువులు. రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి తెల్లార్లూ ఏరియేటర్లు (నీళ్లు చిలికే మోటార్లు) తిరుగుతూనే ఉంటాయి. చెవి దానికి అలవాటుపడి వినడం మానేసింది, మైకు మానలేదు. అందరూ అర్ధరాత్రి ప్రశాంతంగా ఉంటుందని రికార్డు చేస్తారు, నేను మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా చేస్తాను.

లెక్క కూడా చూద్దాం, ఒక్కసారి ఓపిక పట్టండి. ఎస్‌ఎం7బి బాగా నెమ్మదైన మైకు: 94 డెసిబెల్స్ శబ్దానికి దాన్నుంచి వచ్చేది 1.12 మిల్లీవోల్టులు, అంటే మైనస్ 59 డీబీవీ, డీబీయూలో చెబితే మైనస్ 57 (రెండూ సిగ్నల్‌ని కొలిచే లెక్కలే, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ చిన్నది). గది 35 డెసిబెల్స్ ఉందనుకోండి (ఊళ్లో ఇల్లంటే అది మంచి గదే), ఆ గది చప్పుడు మైకులోంచి మైనస్ 116 డీబీయూ దగ్గర బయటికొస్తుంది. మీ స్కార్లెట్ ప్రీయాంప్ సొంత బుస మైనస్ 128. అంటే గదే 12 డెసిబెల్స్ ఎక్కువ గోల చేస్తోంది. ఇక ప్రపంచంలో ఎంత ఖరీదైన ప్రీయాంప్ తెచ్చినా 150 ఓమ్‌ల మైకు దగ్గర మైనస్ 131 కంటే కిందికి దిగదు. తీగలో ఎలక్ట్రాన్ల కదలిక చేసే చప్పుడే అంతుంటుంది కాబట్టి అక్కడ గట్టు. 40 వేలు పోసి మీరు కొనేది మహా అయితే ఆ మూడు డెసిబెల్స్. అదే రోడ్ ఎన్‌టీ1 లాంటి కండెన్సర్ (కరెంటుతో నడిచే సున్నితమైన మైకు) అయితే మైకే గట్టిగా పలుకుతుంది కాబట్టి ప్రీయాంప్ బుస గురించి అసలు ఆలోచించక్కర్లేదు.

బుస కాకుండా "గుయ్‌"మని సన్నటి మోత ఉంటే అది వేరే జబ్బు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేస్తే ఆగుతోందా, ఫ్యాను రెగ్యులేటర్ ఆపితే ఆగుతోందా చూడండి. నా దగ్గర రెండూ కొంత కొంత తగ్గించాయి. చివరికి మా ఊళ్లో కరెంటు పనులు చేసే బాబాయి వచ్చి స్విచ్‌బోర్డు విప్పి చూపించాడు: మూడు కంతల సాకెట్లో పైన పెద్ద కంత, అంటే ఎర్త్ కంత, వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అది అలంకారానికే ఉంది! పెరట్లో గొయ్యి తవ్వి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పోసి, అక్కణ్ణుంచి మేడమీదకి వైరు లాగాడు. మనకి నాలుగడుగులు తవ్వితే తడి తగులుతుంది కాబట్టి ఎర్త్ బాగానే దొరుకుతుంది, కాకపోతే సముద్రం దగ్గరి ఉప్పు నేలలో పైపు తుప్పు పడుతుంది, రెండేళ్లకోసారి చూపించుకోవాలి. మోత ఆ రోజుతో సరి. ప్రీయాంప్ ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఇక గొంతు సన్నగా రావడం. అమ్మగారు మైకుకి ఎంత దూరంలో పాడుతున్నారో మీరు రాయలేదు. పాతకాలం వాళ్లు మైకంటే మర్యాదగా వెనక్కి జరుగుతారు. జానెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి తెస్తే దాదాపు 9 డెసిబెల్స్ ఊరికే కలిసొస్తాయి, గది చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇదొక్కటి మీ సమస్యని సగం తీర్చేస్తుందని నా నమ్మకం. దగ్గరైతే గొంతులో బేస్ పెరుగుతుంది, అది నచ్చకపోతే మైకు వెనకున్న బేస్ తగ్గించే స్విచ్చి వేయండి. రికార్డింగ్ 24 బిట్‌లో పెట్టుకుని, మీటరు మైనస్ 12 దగ్గర తారాడినా చాలు, తర్వాత పెంచుకోవచ్చు.

ఇన్ని చేశాకా చాలకపోతే? ఎస్‌ఎం7బికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ కావాలని కంపెనీయే చెబుతుంది, మీ థర్డ్ జెన్‌లో ఉన్నది 56. కాబట్టి మెల్లగా పాడేవాళ్లకి చాలకపోవడం నిజమే. అప్పుడు క్లౌడ్‌లిఫ్టర్, ఫెట్‌హెడ్ లాంటి బూస్టర్ మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్యలో పెట్టండి. 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో (ఇంటర్‌ఫేస్ మైకు కేబుల్‌లోంచే పంపే కరెంటు) నడుస్తాయి, 25 డెసిబెల్స్ పైచిలుకు కలుపుతాయి. లేదా ఇంటర్‌ఫేస్‌నే ఫోర్త్ జెన్‌కి మార్చుకోండి, దానిలో 69 ఉంది. నేనైతే రెండోదే చేస్తాను, ఎందుకంటే పాతది అమ్మితే కొంత వస్తుంది, మధ్యలో ఇంకో డబ్బా, ఇంకో కేబుల్ ఉండవు.

1970లో వచ్చిన నీవ్ 1073 తరహా ట్రాన్స్‌ఫార్మర్ ప్రీయాంప్‌లు ఉన్నాయి, వాటి పని బుస తగ్గించడం కాదు, గొంతుకి కాస్త రంగు పూయడం. అది సరదా. మోజుంటే గది బాగయ్యాక కొనుక్కోండి, కాదనను. నా 32 వేలదీ ఆ జాతిదే. ఇప్పుడు బాగానే వాడుతున్నాను గానీ, కళ్లు మూసి వినిపిస్తే అది పెట్టిన పాట ఏదో, పెట్టనిది ఏదో నేనే రెండుసార్లు తప్పు చెప్పాను.

మళ్లీ సన్నాయి వాళ్లొస్తే కథ తిరగబడుతుంది: కండెన్సర్ పెట్టి గెయిన్ సున్నా చేసినా సిగ్నల్ మితిమీరిందని ఎర్రదీపం వెలుగుతుంది. అక్కడ కావాల్సింది ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించేది), లేదంటే మీ ఎస్‌ఎం7బియే.

బీరువా పరీక్షలో ఏం తేలిందో రాయండి. దుప్పట్లలో కూడా బుస అలాగే ఉందంటే కేబుల్ మార్చి మళ్లీ ఒకసారి చేసి చూసి, అప్పుడు చెప్పండి.