కాలి నుంచి తీసిన నరం ఎన్నాళ్లు?

ప్రశ్న: మా నాన్నకు 58 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాలూ పూడాయని తేలింది. స్టెంట్లు వద్దు, బైపాసే అన్నారు. ఛాతీ నుంచి ఒకటి, కాలి నుంచి రెండు నరాలు తీస్తారట. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 9.4. స్టెంట్లతో పోయేదానికి ఇంత పెద్ద ఆపరేషనా? ఆ నరాలు ఎన్నాళ్లు ఆగుతాయి?
- పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: షుగర్ ఉన్నవాళ్లలో పూడిక ఒక్కచోట ఉండదు. నాళం పొడవునా పేరుకుంటుంది, సున్నం పట్టి గట్టిపడుతుంది. స్టెంటు తెరిచేది ఆ ఒక్క జాగానే. బైపాస్ అయితే వేరే నాళాన్ని తెచ్చి పూడిక దాటాక కలుపుతారు కాబట్టి, రేపు పైన ఇంకోచోట పూడినా రక్తానికి దారి ఉంటుంది. ఒకటికి మించి నాళాలు పూడిన 1,900 మంది షుగర్ రోగులపై జరిగిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో వచ్చింది. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం మూడూ కలిపి స్టెంట్ల వాళ్లలో 26.6 శాతం, బైపాస్ వాళ్లలో 18.7 శాతం. పక్షవాతం ఒక్కటే బైపాస్‌లో ఎక్కువ. డాక్టర్లు చెప్పింది సరైనదే.

నరమని అంటాం గానీ, ఛాతీ నుంచి తీసేది ధమని, కాలి నుంచి తీసేది సిర. ఆ ధమనిని గుండె ఎడమ ముందు నాళానికి కలిపితే పదేళ్లకూ నూటికి 90కి పైగా తెరిచే ఉంటుంది. సిరకు గుండె ఒత్తిడి అలవాటు లేదు, గోడ మందమవుతుంది, పదేళ్లకు దాదాపు సగం మూసుకుపోతాయి. షుగరు, కొలెస్ట్రాలు, బీడీ దాన్నింకా తొందరపెడతాయి. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మానకూడదు. "కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా" అని స్టాటిన్ ఆపేవాళ్లే ఎక్కువ. అలా నార్మల్ రావడం ఆ మాత్ర వల్లే. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు, వీలైతే 55 లోపు ఉండాలి.

9.4 ఎక్కువే. శ్రమ చేసినప్పుడే నొప్పి వస్తూ, అది పెరగకుండా ఉంటే కొన్ని వారాలు షుగర్ దించి చేయొచ్చు. కూర్చున్నా నొప్పి వస్తుంటే మాత్రం ఆగకూడదు. ఆస్పత్రిలో ఇన్సులిన్‌తో 180 లోపు ఉంచి చేస్తారు. ఒకటి మరవొద్దు: ఆయన డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. లేదంటే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది.

ఇంటికొచ్చాక ఎదురొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. బిందె ఎత్తడం, బండి నడపడం వద్దు. దగ్గినప్పుడు ఎముక టక్కుమన్నా, గాయం నుంచి చీము కారినా, జ్వరమొచ్చినా అదే రోజు చూపించాలి. షుగర్ వల్ల నొప్పి తెలిపే నరాలు మొద్దుబారిన వాళ్లకు గుండెపోటులోనూ నొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చెమట, నీరసం వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చోబెట్టొద్దు.

ప్రశ్న: బైపాస్ అయింది. అన్నం మాని రెండు పూటలా సంగటే తింటున్నా. షుగర్ తగ్గట్లేదు, ఎందుకు?
- పాఠకుడు, కడప

జవాబు: సంగటిలో బియ్యమూ ఉంది, రాగిలోనూ పిండిపదార్థమే ఉంది. ముద్ద సైజు సగం చేసి, పప్పు, ఆకుకూర పెంచండి. చెనిక్కాయల ఊరుబిండి (పచ్చడి) ఒక చెంచా చాలు, అందులో ఉప్పుంది. తిన్న రెండు గంటలకు షుగర్ చూసుకోండి. 180 దాటితే ముద్ద ఇంకా తగ్గించి, ఆ రీడింగులు రాసుకెళ్లి డాక్టరుకు చూపించండి.