సైకాలజీ డిగ్రీలో చేరబోయే బిడ్డకు

హైదరాబాద్

బిడ్డా,

ఇంటర్ అయిపోయింది, సైకాలజీ చదువుతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాకు చాలా సంతోషం. కానీ చేరకముందే ఒక సంగతి నీకు తెలియాలి. మూడేళ్ల డిగ్రీ అయిపోగానే ఎవరూ సైకాలజిస్టు అయిపోరు. మనదేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ పెట్టాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం కింద, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. డిగ్రీలో నీకు దక్కేది పునాది: మనిషిని గమనించడం, కొలవడం, చూసింది చూసినట్టు రాయడం. ఈ మూడూ గట్టిగా పడ్డవాళ్లే తర్వాత నిలబడతారు.

కాలేజీని పేరు చూసి ఎంచుకోకు, ల్యాబ్ చూసి ఎంచుకో. దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో, వెబ్ ఆప్షన్లు (నీకు కావాల్సిన కాలేజీల వరస) పెట్టేముందు స్వయంగా వెళ్లి అడుగు: ల్యాబ్ ఉందా, పరికరాలు బీరువాలోంచి బయటికి వస్తాయా, సెమిస్టర్‌కి ఎన్ని ప్రాక్టికల్స్ చేయిస్తారు, పర్మనెంట్ లెక్చరర్లు ఎందరు? అక్కడి సెకండియర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డులు రెండు తీసి చూడు. రెండింట్లో అంకెలు ఒకేలా ఉంటే అక్కడ ప్రయోగాలు జరగట్లేదని అర్థం. కొన్ని కాలేజీలు దోస్త్‌లో ఉండవు, అడ్మిషన్లు సొంతంగా చేసుకుంటాయి. వాటి తేదీలు విడిగా కనుక్కో. దోస్త్‌లో సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (ఆ సీటు తీసుకుంటున్నట్టు నిర్ధారించడం) చేయడం మరిచిపోతే ఆ సీటు పోతుంది, ఏటా ఎంతోమంది పిల్లలు అక్కడే దెబ్బతింటారు. ఇంట్లో ఎవరైనా డిస్టెన్స్‌లో కట్టెయ్యమంటే వినకు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆపేసింది.

ఇక ప్రాక్టికల్స్. మొదట్లోనే ముల్లర్-లయర్ భ్రమ చేయిస్తారు. పొడవు సమానమే అయినా, బాణం మొనలు బయటికి విచ్చుకున్న గీత పెద్దగా కనిపిస్తుంది. ఒక గీత స్థిరంగా ఉంటుంది, రెండోదాన్ని జరిపి రెండూ సమానం అనిపించిన చోట ఆపమని ఎదుట కూర్చున్నవాళ్లకు చెప్పాలి. 20 ట్రయల్స్ అనుకో. సగం ట్రయల్స్‌లో కదిలే గీతను బాగా చిన్నగా పెట్టి మొదలుపెట్టాలి, మిగతా సగంలో బాగా పెద్దగా పెట్టి. వాటిలో మళ్లీ సగం కదిలే గీత కుడివైపు, సగం ఎడమవైపు. అంటే నాలుగు రకాలు, ఒక్కో రకానికి ఐదు. ఎందుకంటే చెయ్యి ఒక దిశలో కదలడం మొదలెడితే ఆ ఊపులో కాస్త ముందుకే పోతుంది. రెండు దిశల్లోనూ చేయిస్తే ఆ తేడా సగటులో సరిపోతుంది. ఇక్కడ పిల్లలు చెడగొట్టేది రెండు విధాలుగా: స్కేలు ఎదుటివాళ్లకు కనబడనివ్వడం, ట్రయల్ కాగానే ‘ఆఁ, కరెక్ట్’ అనేయడం. ఆ ఒక్క మాటతో తర్వాతి ట్రయల్స్ అన్నీ పాడవుతాయి. వచ్చిన అంకె పుస్తకంలో చెప్పినట్టు లేకపోయినా దిద్దకు. ఎందుకలా వచ్చిందో రికార్డులో ‘చర్చ’ భాగంలో రాయి, మార్కులు అక్కడే పడతాయి.

స్టాటిస్టిక్స్ అంటే భయపడకు, పదో తరగతి లెక్కలు చాలు. పది అంకెల ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఒకసారి కాగితం మీద చేత్తో చెయ్యి. తర్వాత జమోవి అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ దింపుకో, ఉచితమే. టీ-టెస్ట్ (రెండు సగటుల తేడా చూసేది), సహసంబంధం (రెండు విషయాలు కలిసి మారుతున్నాయా అని చూసేది) అందులో చేసి చూడు. ఫోన్ ఎక్కువ చూసేవాళ్లకు నిద్ర తక్కువని డేటాలో కనబడిందనుకో. ఫోన్ వల్లే నిద్ర పోయిందని రాయకు, నిద్ర పట్టకే ఫోన్ చూస్తుండొచ్చు. ఈ టెస్టులు ఇచ్చే పీ విలువ 0.05 కంటే తక్కువ వస్తే నీ పరికల్పన (నువ్వు ముందుగా అనుకున్న మాట) 95 శాతం నిజమని కాదు, తేడా అసలు లేకపోతే ఇలాంటి ఫలితం అరుదు అని మాత్రమే. ఇది పీజీకి వచ్చినవాళ్లలో కూడా చాలామందికి తెలియదు, అది చూస్తే నాకు బాధేస్తుంది.

సెకండియర్ నుంచి మనుషుల మధ్యకు వెళ్లు. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ ఉంది, మేధోవైకల్యం ఉన్న పిల్లలకు అంచనాలూ శిక్షణా అక్కడ జరుగుతాయి. ఎర్రగడ్డలో మానసిక ఆసుపత్రి ఉంది. రెండుచోట్లా కాలేజీ లెటర్‌తో అడుగు. అక్కడికొచ్చే అమ్మలు ‘డిప్రెషన్’ అని చెప్పరు, తల బరువుగా ఉంది, గుండె దడ, నిద్ర పట్టట్లేదు, ముద్ద దిగట్లేదు అంటారు. వాళ్ల మాటల్లోనే రాసుకో, పేరూ ఊరూ రాయకు. డబ్బు తీసుకుని రెండు వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే ఇంటర్న్‌షిప్‌ల జోలికి పోకు. పర్యవేక్షించేది ఎవరు, వాళ్ల ఆర్‌సీఐ నంబరేంటి అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఇంకొకటి, స్నేహితులకు, చుట్టాలకు జబ్బు పేర్లు అంటించకు, నెట్‌లో దొరికిన పరీక్షలు వాళ్లమీద చేయకు. ఎవరైనా చచ్చిపోవాలనుందని చెబితే నువ్వు కౌన్సెలింగ్ మొదలుపెట్టొద్దు. ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి, 14416కు ఫోన్ చేయించు. అది టెలీ-మానస్, ఉచితం.

పీజీకి ఉస్మానియా అయితే సీపీగెట్, హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ)లో హెల్త్ సైకాలజీ అయితే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. క్లినికల్‌కి ఇన్నాళ్లూ పీజీ తర్వాత రెండేళ్ల ఎంఫిల్ దారి. 2020 విద్యా విధానం ఎంఫిల్‌ని ఎత్తేయమంది కాబట్టి ఆ దారి మారుతోంది. నువ్వు థర్డ్ ఇయర్‌కి వచ్చాక ఆర్‌సీఐ సైట్‌లో అనుమతి ఉన్న కోర్సుల జాబితా చూసుకునే ఎక్కడైనా ఫీజు కట్టు. క్లినికల్ వద్దనిపిస్తే స్కూల్ కౌన్సెలర్, హెచ్ఆర్, స్పెషల్ బీఈడీ ఉన్నాయి. సివిల్స్‌లో ఆప్షనల్‌గా కూడా తీసుకోవచ్చు.

ముందు కాలేజీలు తిరిగి రా. వెబ్ ఆప్షన్ల జాబితా కాగితం మీద రాసి నాకు వాట్సాప్ చెయ్యి. వరస చూసి చెప్తాను, ఆ తర్వాతే సేవ్ చెయ్యి.

నీ పెద్దమ్మ