కౌంటీ ప్లాన్ మీటింగులకు మనం వెళ్తే ఏమైనా మారుతుందా?

అడిగిన ప్రశ్న ఇది: "వర్జీనియాలో మా కౌంటీ సమగ్ర ప్రణాళికను మళ్లీ రాస్తోందట. ఈ మీటింగులకు మనలాంటి వాళ్లం వెళ్తే ఏమైనా మారుతుందా, లేక అంతా ముందే డిసైడ్ అయిపోయి ఉంటుందా?"

మారుతుంది. కాకపోతే మన తెలుగువాళ్లు వెళ్లే రోజున మారదు. కౌంటీని నడిపే ఎన్నికైన బోర్డు ఓటు వేసే రాత్రి అందరూ ఒకే రంగు టీషర్టులు వేసుకుని వెళ్లి, మైకు దగ్గర ఆవేశపడి, ఫోటోలు దిగి వస్తారు. అప్పటికి మ్యాపు మీద ప్రతి రంగు వెనకా రెండు మూడేళ్ల బేరసారాలు అయిపోయి ఉంటాయి.

మేముండేది లౌడన్ కౌంటీలో, ఆష్‌బర్న్ వైపు. 1990లో ఈ కౌంటీ జనాభా 86 వేలు. 2020 లెక్కల్లో 4.2 లక్షలు. ఆ పెరిగిన జనంలో మనవాళ్లు ఎంతమందో తెలియాలంటే శనివారం సాయంత్రం బ్రాంబుల్టన్‌లోనో సౌత్ రైడింగ్‌లోనో ఒక చుట్టు నడిచి రండి. 2001 నాటి ప్లాన్‌ను మార్చడానికి 2016లో 'ఎన్విజన్ లౌడన్' అని ఒక కసరత్తు మొదలుపెట్టారు. అది ముగిసి కొత్త ప్లాన్‌ను బోర్డు ఆమోదించింది 2019 జూన్ 20న.

ఆ మధ్యలో జరిగిన ఒక మీటింగుకు నేను మా నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన గుంటూరు జిల్లాలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. అప్పుడు మా ఇంట్లో ఆరు నెలలు ఉండటానికి వచ్చి, రెండో నెలకే విసుగెత్తిపోయి ఉన్నారు. స్కూల్ కెఫెటీరియాలో బల్లల మీద దుప్పట్లంత మ్యాపులు పరిచారు. రంగు చుక్కల స్టిక్కర్లు, స్కెచ్ పెన్నులు, బిస్కెట్లు. నాన్న కళ్లజోడు సర్దుకుని మ్యాపు మీదకి వంగి చాలాసేపు వెతికారు.

"అమ్మాయ్, సర్వే నంబర్లేవే?"

"ఉండవు నాన్నా. ఇది పాలసీ మ్యాపు."

"నంబరు లేకుండా ఎవరి పొలం ఏ రంగులో పడిందో ఎట్లా తెలుస్తుంది?"

మా మాటలు విని కౌంటీ ప్లానర్ ఒకావిడ దగ్గరికొచ్చింది. నేను ఇద్దరి మాటలూ అటూ ఇటూ తర్జుమా చేశాను. ఎవరి భూమీ తీసుకోవడం లేదని, రాబోయే ఇరవై ఏళ్లలో ఎక్కడ ఏది ఉంటే బాగుంటుందో చూపించే మార్గదర్శి మాత్రమేనని ఆవిడ ఓపిగ్గా వివరించింది. నాన్న అంతా విని, "తీసుకోరు, సరే. రంగు మారితే ఎకరం రేటు మారుతుందా లేదా, అది అడుగు" అన్నారు. అడిగాను. ఆవిడ నవ్వి, మారొచ్చు అంది. "మరి ఆ మాట ముందు చెప్పాలిగా" అని మళ్లీ మ్యాపు మీద పడ్డారాయన.

తూర్పున ఇళ్ల కాలనీలు, పడమర గుర్రాల ఫారాలు, ద్రాక్షతోటలు. ఈ రెంటికీ నడుమ ఒక పొడవాటి పట్టీ ఉంటుంది, ట్రాన్సిషన్ ఏరియా అంటారు. నాన్న వేలు దాని మీద పెట్టి, "తగువంతా ఈ ముక్క దగ్గరే ఉంటుంది, రాసిపెట్టుకో" అన్నారు. అలాగే జరిగింది. అక్కడ ఎన్ని ఇళ్లు రానివ్వాలన్న దాని మీదే ప్లానింగ్ కమిషన్‌లోనూ బోర్డులోనూ పెద్ద గొడవ నడిచింది.

అదే బల్ల దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన నిలబడి ఉన్నాడు. స్టిక్కర్లు ముట్టుకోలేదు, బిస్కెట్లూ ముట్టుకోలేదు. చంకలో చుట్టగా చుట్టిన సొంత మ్యాపు. కాసేపటికి దాన్ని విప్పి ప్లానర్‌కు ఏదో చూపించాడు. దాంట్లో ప్రతి పార్సెల్‌కూ, అంటే ప్రతి భూమి ముక్కకూ, నంబరు ఉంది. భూమి యజమానుల తరఫు లాయరట. నాన్న నా చెయ్యి గిల్లి, "అదిగో, సర్వే నంబర్లు ఆయన దగ్గరున్నాయి" అన్నారు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. మనం "ట్రాఫిక్ తగ్గాలి, స్కూళ్లు కావాలి" అని చుక్కలు అంటించి వస్తాం. వాళ్లు పార్సెల్ నంబరుతో వస్తారు, అదీ మొదటి మీటింగుకే. మీరూ అలాగే వెళ్లండి. మా కౌంటీ వెబ్‌సైట్‌లో వెబ్‌లోగిస్ అని ఒక మ్యాపు ఉంది, ఏ పార్సెల్‌ను నొక్కినా దాని జోనింగ్, అంటే అక్కడ ఏం కట్టొచ్చన్న రూల్, చెబుతుంది. మీ కౌంటీకీ అలాంటిదేదో ఉండే ఉంటుంది. మీ ఇంటి గురించి అక్కర్లేదు, మీ ఇంటి వెనకున్న ఖాళీ స్థలం సంగతి చూడండి.

ఎందుకంటే ప్లాన్ వేరు, జోనింగ్ వేరు. ప్లాన్ మార్గం చూపిస్తుంది, చట్టం మాత్రం జోనింగే. మాకు ప్లాన్ 2019లో మారితే, 1993 నాటి జోనింగ్ ఆర్డినెన్స్ స్థానంలో కొత్తది వచ్చింది 2023 డిసెంబర్ 13న. ఆ నాలుగేళ్లూ పాత జోనింగ్ చేతిలో ఉన్నవాళ్లు పాత రూల్ ప్రకారం కట్టుకున్నారు. కొన్ని జోన్లలో డేటా సెంటర్ 'బై రైట్', అంటే బోర్డు ముందు హియరింగ్ లేకుండానే కట్టుకునే హక్కు ఉండేది. 2025 మార్చిలో గానీ దాన్ని తీసేసి, స్పెషల్ ఎక్సెప్షన్, అంటే బోర్డు విడిగా ఇచ్చే అనుమతి, తెచ్చుకోవాలని బోర్డు మార్చలేదు.

మాకు తెలిసిన ఒక కుటుంబానికి బిల్డర్ సేల్స్ ఆఫీసులో "వెనక ఎప్పటికీ చెట్లే" అని చెప్పి ఇల్లు అమ్మారు. ఇప్పుడు వాళ్ల డెక్ మీద కూర్చుంటే డేటా సెంటర్ కిటికీల్లేని గోడ కనిపిస్తుంది, జనరేటర్లు టెస్ట్ చేసే రోజున మాటలు వినపడవు. ఆ చెట్ల మాట ఏ కాగితం మీదా లేదు.

ఇక మన వాట్సాప్ గ్రూపులు. "డేటా సెంటర్లు వద్దు" అని పొద్దున్న ఫార్వర్డ్ పెట్టినవాడు పది గంటలకు క్లౌడ్ కంపెనీలో లాగిన్ అవుతాడు. 2012లో మా ఇంటి పన్ను వంద డాలర్ల విలువకు 1.235 డాలర్లు, 2025లో 80.5 సెంట్లు. ఆ తగ్గుదలకు ఒక పెద్ద కారణం డేటా సెంటర్లలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్ను. ఈ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చేయరు. డేటా సెంటర్లు మంచివని నేననడం లేదు, తిట్టేముందు పన్ను రసీదు కూడా ఓసారి చూడమంటున్నా.

నోటీసులు చదివే ఓపిక మనకు బొత్తిగా లేదు. 2003లో ఈ కౌంటీ పడమటి భాగంలో కట్టనిచ్చే ఇళ్ల సంఖ్య తగ్గిస్తూ రూల్స్ తెచ్చారు. పత్రికలో ఇచ్చిన నోటీసులో విషయం సరిగా చెప్పలేదని 2005లో వర్జీనియా సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. మళ్లీ చేసుకునేసరికి 2006 డిసెంబర్ వచ్చింది. ఈలోగా చాలాచోట్ల పాత పద్ధతే, మూడెకరాలకో ఇల్లు. ఇది చెబితే నాన్నకు పట్టరాని సంతోషం. "దండోరా సరిగ్గా వేయకపోతే ఇక్కడా కొట్టేస్తారన్నమాట!"

చివరగా, ఇలాంటి ప్రశ్న కింద ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నా: హెచ్1బి మీద ఉన్నా, గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నా హియరింగ్‌లో మాట్లాడొచ్చు, ఈమెయిల్ పంపొచ్చు. పేరు, ఏ ప్రాంతం అని అడుగుతారు, వీసా అడగరు. వర్జీనియా చట్టం ప్రకారం ప్లాన్‌ను కనీసం ఐదేళ్లకోసారి ప్లానింగ్ కమిషన్ సమీక్షించాలి. కాబట్టి ఈసారి తప్పిపోయినా వచ్చేసారికి పార్సెల్ నంబర్లు రాసి పెట్టుకోండి.