రెండో ఆట వదిలాక

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. నేను సినిమా పండితురాలిని కాదు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో సినిమా హాలుకి నాలుగు కొట్ల అవతల ఇడ్లీ, బరా (గారె), ఘుగునీ (బఠాణీ కూర) అమ్ముతాను. ఆట వదిలాక జనం నా బల్ల దగ్గర నిలబడి ఏమంటారో అదే ఈ శీర్షికలో రాస్తాను. మధ్యలో నా ముక్క కూడా కలుపుతాను, ఉప్పు వేసినట్టు.

అత్తా, హాస్టల్లో నా స్నేహితులంతా ఒడియావాళ్ళు. వాళ్ళకోసం ‘పుష్ప 2’ హిందీలో చూశాను. సెలవులకి ఇంటికొచ్చి తెలుగులో చూస్తే వేరే సినిమాలా ఉంది. నాకే అలా అనిపించిందా?
— డిగ్రీ విద్యార్థి, రాయగడ

నీకొక్కడికే కాదు నాయనా. హిందీలో పుష్పకి గొంతిచ్చింది శ్రేయస్ తల్పడే. బాగానే చెప్పాడు, పొగరు ఎక్కడా తగ్గలేదు. కానీ అల్లు అర్జున్ పలికిన ఆ చిత్తూరు యాస హిందీలోకి ఎలా వస్తుంది? నిజం చెప్పొద్దూ, ఆ యాస మాకూ ముప్పావు వంతే అర్థమైంది. అయినా వింటుంటే ఆ మనిషికో ఊరుందని తెలుస్తుంది. హిందీ పుష్పది ఏ ఊరో చెప్పు చూద్దాం.

జాతర సీనుకి మాత్రం భాషతో పనిలేదు. చీర కట్టి, ఒంటికి రంగు పూసుకుని అతను ఆడుతుంటే చూసొచ్చిన మా ఒడియా టీచరమ్మ, “ఇది మా బరంపురం ఠాకురాణీ యాత్ర వేషాల్లా ఉందే” అంది. తిరుపతి గంగమ్మ జాతరలో కూడా మగవాళ్ళు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకుంటారని చెప్పాను. ఇంకో ప్లేటు ఘుగునీ పెట్టించుకుని ఆ జాతర సంగతంతా చెప్పించుకుంది.

నా గొడవ వేరే. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా అది! 2024 డిసెంబరు చలిలో రెండో ఆట వదిలేసరికి ఒంటిగంట దాటిపోయేది. శాలువా కప్పుకుని కూర్చునే కునుకు తీస్తుంటే వచ్చి “టీ ఉందా” అనేవారు. ఇడ్లీ ఒక్కడూ అడగలేదు. వారం రోజులు పిండి పులిసిపోయింది. సుకుమార్ గారికి ఈ సంగతి ఎవరైనా చెప్పండి.

అప్పా, మా బావ గుజరాత్ వేరావల్‌లో బోటు మీద పని చేస్తాడు. ‘తండేల్’ చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఇక్కడ మా జాలర్లని నోలియాలంటారు. మాలాంటి వాళ్ళని హీరోగా పెట్టి తీస్తారని ఎప్పుడూ అనుకోలేదు. మీ ఊళ్ళో ఏమన్నారు?
— గోపాల్‌పూర్ తీరం నుంచి ఒక చెల్లెలు

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా.

ఆ కథలో ఏమవుతుందో మనవైపు అందరికీ ముందే తెలుసు. మన శ్రీకాకుళం వైపు జాలర్లు వేరావల్ నుంచి వేటకెళ్ళి 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కడం, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదల కావడం పేపర్లో చదివిందే. అయినా జనం కదలకుండా కూర్చున్నారంటే అది ఒడ్డున ఎదురుచూసే ఆ పిల్ల కోసం. సాయిపల్లవి సముద్రం వైపు చూస్తుంటే హాల్లో ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారని మా పక్క కొట్టు పూలమ్మి చెప్పింది. జైలు భాగం మాత్రం ఎక్కువమందికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు. అంతవరకూ మనుషుల్లా మాట్లాడినవాళ్ళు అక్కడికెళ్ళాక స్టేజీ నాటకంలా అరవడం మొదలెట్టారు.

కానీ మా బల్ల దగ్గర అసలు చర్చ యాస మీద. ఇన్నాళ్ళూ మన మాట సినిమాలో ఎక్కడ వినపడేది? పనిమనిషి నోట, కమెడియన్ నోట. “ఏటి సేస్తన్నావు” అనగానే హాలంతా నవ్వాలి, అందుకే పెట్టేవారు. ఇందులో హీరో అదే యాసలో ప్రేమించాడు, అదే యాసలో దెబ్బలాడాడు. ఎవరూ నవ్వలేదు. “మనలాగే మాటాడినాడు” అని రైస్ మిల్లు కుర్రాడొకడు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు, అదేదో వాడే నేర్పినట్టు.

రిటైరైన తెలుగు మేష్టారు ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. “నాగచైతన్యకి కోపం వస్తే శ్రీకాకుళం, ప్రేమ వస్తే హైదరాబాద్” అని తేల్చేశాడు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోట్లాడిన ఊరు మాది. ఇక్కడ జేబులో పది రూపాయలు లేనివాడు కూడా నీ పలుకులో తప్పు పట్టగలడు. మేష్టారి మాట సగం నిజమే. మిగతా సగం, హీరో శ్రమపడ్డాడని నేను వదిలేస్తాను.

ఇంకొకాయన సంగతి కూడా చెప్పాలి. ఆ రాత్రి బరాలు కట్టించుకోకుండా ఇక్కడే తింటానన్నాడు. తినలేదు. ఆకు మీద చట్నీ అంచులు ఎండిపోతున్నాయి. చేతులు కడుక్కుని, సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే కొడుక్కి ఫోన్ చేశాడు. “ఏం లేదు, తిన్నావా అని” అన్నాడు. అంతే, పెట్టేశాడు. సినిమా ఎలా ఉందని నేను అడగలేదు.

‘సంక్రాంతికి వస్తున్నాం’ మా అత్తగారు మూడుసార్లు చూశారు. ఏముందండీ అందులో?
— కోడలు, గుణుపురం

వెంకటేష్ ఉన్నాడు. లాజిక్ అడిగి ఆవిడ మూడ్ పాడుచెయ్యకు. వీలైతే నాలుగోసారి నువ్వే తీసుకెళ్ళు, ఏడాదంతా పనికొస్తుంది.

మా కొండలు సినిమావాళ్ళకి గంజాయి కోసమేనా గుర్తొచ్చేది? ‘ఘాటీ’ చూసి వచ్చాక బయటూరి చుట్టాలు ఫోన్ చేసి “మీ వైపు అంతేనా” అంటున్నారు. తలకొట్టేసినట్టుంది.
— చీరల దుకాణదారు, జయపురం

మీ కోపం న్యాయమే. 2025 సెప్టెంబరులో వచ్చిందది, క్రిష్ తీశాడు. అనుష్క పాత్ర పేరు శీలావతి, గంజాయిలో ఒక రకం పేరూ అదే. గంజాయి చూపించారని నాకు బాధ లేదు, ఉన్నదే చూపించారు. కానీ ఆ కొండల మీద మనుషులు సంతకి రారా? అల్లం, చింతపండు బేరం చెయ్యరా? బస్సులో సీటు కోసం తగువులాడరా? అవి రెండు నిమిషాలు పెట్టి ఉంటే తర్వాతి నరుకుళ్ళు చూసేవాడికి కడుపులో తిప్పేది. లేనందువల్ల ఆవలింతలొచ్చాయి. కొండలు మాత్రం కళ్ళు తిప్పుకోనివ్వలేదని అందరూ అన్నారు.

గంజాయి కోసమే కాదులెండి. 2025 మార్చిలో మహేష్‌బాబు సినిమా షూటింగుకి రాజమౌళి మీ కొరాపుట్ వచ్చాడుగా. దేవమాలి కొండ ఎక్కి, అంత అందమైన చోట దారి పొడుగునా చెత్త ఉందని బాధపడుతూ వీడియో పెట్టాడు. ఆ కవర్లు ఏ సినిమావాళ్ళు పారేసినవీ కావు.

‘కోర్ట్’ సినిమా మా అమ్మాయితో కలిసి చూడొచ్చా? ఇంటర్ చదువుతోంది.
— ఒక తండ్రి, పర్లాకిమిడి

చూడండి. 2013 నాటి విశాఖపట్నం కథ, పరువు కోసం ఒక పెద్దమనిషి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుని ఎలా వాడుకున్నాడన్నది విషయం. శివాజీ వేసిన ఆ మంగపతిని “అందులో తప్పేముంది, ఆడపిల్ల తరఫువాడు” అని వెనకేసుకొచ్చిన ఇద్దరు నా బల్ల దగ్గరే ఉన్నారు. సినిమా సగంలో మీ అమ్మాయి ఒకసారి మీ ముఖం వైపు చూస్తుంది. అప్పుడు ఫోన్ తీసుకుని వాట్సాప్ చూడకండి.

ఇంతకీ మీరు హాల్లోకి వెళ్తారా? బయట మాటలు విని రాసేయడం మోసం కాదా?
— సునాబెడ నుంచి అనుమానం పాఠకుడు

వెళ్తాను. మధ్యాహ్నం పూట కొట్టు కట్టేస్తాను కాబట్టి మ్యాట్నీకే. పైన రాసినవాటిలో ఒకటి తప్ప అన్నీ చివరిదాకా చూసినవే. ఆ ఒకటి ‘ఘాటీ’. ఒక హాల్లో, ఏ ఊరో చెప్పను, ఆఖరి పావుగంట ఉందనగా కరెంటు పోయింది. జనరేటరు దగ్గుతుందే గాని లేవదు. సాయంత్రం ఆటకి ఇదే టిక్కెట్టు మీద రమ్మన్నారు. ఇంటి దగ్గర మినప్పప్పు నానబెట్టి వచ్చాను, ఎలా వెళ్ళను? క్లైమాక్సు ఇప్పటికీ చూడలేదు. నలుగుర్ని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు. అందులో పాలవాడు చెప్పింది బాగుంది. అదే ఉంచుకున్నాను.