శ్వాస పరీక్ష నెగెటివ్ వచ్చింది, మంట తగ్గలేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 42. కడుపులో అల్సర్, హెచ్. పైలోరీ బ్యాక్టీరియా ఉన్నాయని 14 రోజులు యాంటీబయాటిక్స్ వాడించారు. కోర్సు అయిన పది రోజులకు కార్బన్-13 శ్వాస పరీక్ష చేయించుకున్నాను. 2.9, నెగెటివ్ అని వచ్చింది. యాసిడ్ తగ్గించే పాంటప్రజోల్ రోజూ వేసుకుంటున్నా మంట పూర్తిగా పోలేదు. మా ఆవిడ గర్భవతి. ఆ కార్బన్ వల్ల రేడియేషన్ ఏమైనా ఉంటుందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రేడియేషన్ గురించి టెన్షన్ వద్దు. రేడియోధార్మికత ఉండేది కార్బన్-14కి. మీకిచ్చిన కార్బన్-13కి అది లేదు. మనం తినే తిండిలో, మన ఒంట్లో ఉన్న కార్బన్‌లో 1.1 శాతం దాకా అదే. గర్భిణులకు, పిల్లలకు కూడా ఈ పరీక్షే చేస్తారు.

నాకు అనుమానం ఉన్నది ఆ నెగెటివ్ మీదే.

హెచ్. పైలోరీ దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పరీక్షలో మీరు తాగిన, కార్బన్-13 ఉన్న యూరియాను అది విడగొడితే కార్బన్-13తో కూడిన కార్బన్ డయాక్సైడ్ పుట్టి, రక్తంలో కలిసి ఊపిరిలో బయటికొస్తుంది. ఈ అణువు మామూలు దానికన్నా కాస్త బరువు కాబట్టి నెమ్మదిగా కంపిస్తుంది. అందుకే మామూలు కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఇన్‌ఫ్రారెడ్ కాంతిని బాగా పీల్చుకుంటే, ఇది 4.38 దగ్గర పీల్చుకుంటుంది. యంత్రం ఆ రెండింటి నిష్పత్తి చూస్తుంది. యూరియా తాగకముందు ఊదిన సంచికి, అరగంట తర్వాత ఊదిన సంచికి మధ్య తేడా వెయ్యికి ఎంతో చెప్పేదే మీ రిపోర్టులోని 2.9. చాలాచోట్ల 4 దాటితే పాజిటివ్ అంటారు, యంత్రాన్ని బట్టి ఈ హద్దు కొంచెం మారుతుంది. (జొన్న, మొక్కజొన్న, చెరకులో కార్బన్-13 కాస్త ఎక్కువే. పరగడుపున రమ్మనడానికి అదీ ఒక కారణం.)

మీ విషయంలో యంత్రం తప్పేమీ లేదు, పరీక్ష చేసిన సమయమే సరికాదు. పాంటప్రజోల్ లాంటి మందులు వాడుతుంటే బ్యాక్టీరియా చావకుండానే అణగి ఉంటుంది, యూరియేజ్ పని తగ్గుతుంది. యాంటీబయాటిక్స్ ఆపిన కొత్తలోనూ ఇంతే. ఇలాంటప్పుడు పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్‌ను నమ్మలేం. అందులోనూ మీ అంకె హద్దుకు దగ్గర్లో ఉంది.

యాంటీబయాటిక్స్, బిస్మత్ (వాటితో పాటు కొందరికి ఇచ్చే మందు) ఆపి కనీసం 4 వారాలు, పాంటప్రజోల్ ఆపి 2 వారాలు గడిచాక మళ్లీ చేయించండి. అయితే పాంటప్రజోల్‌ను సొంతంగా ఆపకండి. అల్సర్ నుంచి ఎప్పుడైనా రక్తం పోయినా, ఆస్పిరిన్ వాడుతున్నా మీ డాక్టర్‌ను అడిగే ఆపాలి. ఆ రెండు వారాలూ మంటకు మామూలు యాంటాసిడ్ సిరప్ సరిపోతుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేద్దామని ఎవరైనా అంటే వద్దనండి. బ్యాక్టీరియా పోయాక కూడా అది నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది.

మలం తారులా నల్లగా వచ్చినా, రక్తపు వాంతి అయినా, బరువు తగ్గుతున్నా, ముద్ద దిగడం కష్టమైనా ఈ వారాల లెక్క పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అప్పుడు చేయాల్సింది ఎండోస్కోపీ.